ముందు పొలం గియ్యండి, తర్వాత ఇంటిగ్రేషన్ చెయ్యండి

మా నాన్న సర్వేలో చైన్‌మాన్. చదివింది ఏడో తరగతి. గొలుసు పట్టుకుని, తర్వాత రోజుల్లో టేపు పట్టుకుని, బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల పొలాలన్నీ తిరిగాడు. నాకు ఇంటిగ్రేషన్ అర్థమైంది కాలేజీలో కాదు, ఆయన పక్కన కాలవ గట్టు మీద నిలబడ్డ రోజున.

అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం, తెలుగు మీడియం. రోజూ బస్సెక్కి పెన్న బ్రిడ్జి దాటి నెల్లూరికి పోయి చదువుకునేదాన్ని. ప్రీ-ఫైనల్లో ఒక ప్రశ్న వచ్చింది: వై = సైన్ ఎక్స్ వక్రానికీ ఎక్స్-అక్షానికీ మధ్య 0 నుంచి 2π దాకా ఉన్న వైశాల్యం కనుక్కోండి. బొమ్మ గియ్యలేదు. ఇంటిగ్రల్ పెట్టాను, మైనస్ కాస్ ఎక్స్ రాశాను, అవధులు వేశాను, సున్నా వచ్చింది. కింద రెండు గీతలు కూడా కొట్టాను. పేపరు ఇచ్చాక చూస్తే ఆ లెక్కకి ఒక్క మార్కు రాలేదు. సూత్రం కరెక్టు, కూడిక కరెక్టు, మార్కులెందుకు పోయినాయో తెలియక ఇంటికొచ్చి ఏడ్చాను.

నాన్న పేపరు తిప్పి చూశాడు. ఆయనకి సైన్ అంటే తెలియదు. "దేని గురించిమ్మే ఇది?" అన్నాడు. వెనకవైపు అల లాగా గీసి చూపించాను. మధ్యలో అడ్డగీత, పైన ఒక గుట్ట, కింద ఒక గుంట.

"ఈ గీత కాలవ అనుకో. ఆ పక్క కొంత పొలం, ఈ పక్క కొంత పొలం. రెండూ మనదే. ఒకదాన్లోంచి ఇంకోటి తీసేస్తే ఎట్టా? భూమి సున్నా ఎట్టవుద్దిమ్మే?"

పైన 2, కింద 2, మొత్తం 4. అదీ జవాబు. పబ్లిక్ పరీక్షలో వైశాల్యం లెక్క వచ్చినప్పుడు ముందు పెన్సిల్ తీశాను. ఆ తర్వాత బియ్యెస్సీ, ఎమ్మెస్సీ లెక్కలే చదివాను. ఇప్పుడు మా మిద్దె మీద సాయంత్రం పూట ఇంటర్ పిల్లలకి చెప్తున్నాను. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

వెనక నుంచి మొదలుపెట్టండి

పుస్తకంలో వరస ఇట్టా ఉంటుంది: ముందు అనిశ్చిత సమాకలనం, అంటే మామూలు ఇంటిగ్రేషన్. తర్వాత నిశ్చితం, అంటే డెఫినిట్. ఏరియాలు అన్నిటికంటే చివర. కాలేజీలో అక్కడికి వచ్చేసరికి టైం ఉండదు. రెండు లెక్కలు బోర్డు మీద చేసి, మిగతావి ఇంటి దగ్గర చూసుకోండంటారు. పిల్లలేమో అప్పటికే పార్షియల్ ఫ్రాక్షన్లలో, రిడక్షన్ ఫార్ములాల్లో మునిగి అలసిపోయి ఉంటారు.

నా దగ్గరికొచ్చే వాళ్ళతో నేను ఏరియాతోనే మొదలుపెట్టిస్తాను. కారణం చాలా చిన్నది. పరీక్షలో వచ్చే ఏరియా లెక్కలు చెయ్యడానికి మీకు కావాల్సిన ఇంటిగ్రల్స్ చేతివేళ్ళకి మించవు. ఎక్స్ పవర్ ఎన్, దాంట్లోనే వర్గమూలం కలిసిపోతుంది. సైన్, కాస్. ఇ పవర్ ఎక్స్. ఒకటి బై ఎక్స్. వృత్తం, దీర్ఘవృత్తం వస్తే √(ఎ² − ఎక్స్²). అంతే. ఒక్క సాయంత్రం పని. మిగతా కష్టమంతా బొమ్మలో ఉంది. బొమ్మ గీస్తే ఇంటిగ్రల్ దేనికి పుట్టిందో కళ్ళకి కనిపిస్తుంది. అది కనిపించాక సబ్‌స్టిట్యూషన్, బై పార్ట్స్ నేర్చుకునేటప్పుడు ఎందుకు చేస్తున్నామనే విసుగు రాదు.

మార్కుల లెక్క కూడా చెప్తాను. నేను రాసినప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల 2బి పేపరు 75 మార్కులు: రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఏడిస్తే ఐదు, ఏడు మార్కులవి ఏడిస్తే ఐదు. మూడు సెక్షన్లలోనూ ఇంటిగ్రేషన్, డెఫినిట్ కనపడేవి. ఇప్పుడు సిలబసులు, పేపరు పద్ధతులు మారుతున్నాయి కాబట్టి మీ సంవత్సరం మోడల్ పేపరు చూసుకుని చదవండి. పేపరు మారినా ఇంటిగ్రేషన్ ఇంటిగ్రేషనే. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) రాసేవాళ్ళకయితే లెక్కల్లోనే 80 ప్రశ్నలు, మూడు గంటల్లో మొత్తం 160. అక్కడ బొమ్మ చూసి జవాబు ఎంత ఉండాలో అంచనా కట్టగలిగినవాళ్ళకి చాలా టైం మిగులుతుంది.

కాలవ గట్టు మీద ఏం జరుగుతుంది

కనిగిరి రిజర్వాయరు కాలవ పక్కన పొలాలకి ఒకవైపు గట్టు తిన్నగా ఉండదు. కాలవ ఎటు వంగితే గట్టూ అటే వంగుతుంది. నాలుగు మూలలున్న మడి అయితే పొడవు, వెడల్పు చాలు. వంకర గట్టుకి ఏం చేస్తారు?

పొలంలో తిన్నగా ఒక తాడు లాగుతారు. దాని మీద పది మీటర్లకొకచోట ఆగి, అక్కడి నుంచి గట్టు దాకా అడ్డంగా టేపు పెట్టి ఎంత దూరముందో రాసుకుంటారు. దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. సర్వే పటాల్లో, ఎఫ్‌ఎంబీల్లో (పొలం కొలతలు రాసే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్కుల్లో) ఈ ఆఫ్‌సెట్లు అంకెలతో సహా ఉంటాయి. మీ ఊళ్ళో ఎవరి దగ్గరన్నా ఉంటే ఒకసారి అడిగి చూడండి.

ఒక లెక్క వేసుకుందాం. తాడు పొడవు 60 మీటర్లు. ఆఫ్‌సెట్లు వరసగా 0, 8, 12, 15, 13, 9, 0. పక్కపక్క ఆఫ్‌సెట్ల మధ్య పట్టీ వెడల్పు 10. ఒక్కో పట్టీ పైఅంచు తిన్నగా ఉందనుకుని ట్రెపీజియంలాగా లెక్కేస్తే మొత్తం 10 × (8 + 12 + 15 + 13 + 9) = 570 చదరపు మీటర్లు. మా నెల్లూరు వైపు స్థలాలకి కొలత అంకణం. అంకణం అంటే 72 చదరపు అడుగులు, సెంటుకి ఆరు అంకణాల మీద కొద్దిగా. 570 చదరపు మీటర్లంటే దాదాపు 85 అంకణాలు.

కానీ గట్టు బయటికి ఉబ్బి ఉంది కదా. తిన్నటి అంచు అనుకున్నచోటల్లా కొంచెం భూమి బయట మిగిలిపోయింది. ఆ వంపుని కూడా లెక్కలోకి తీసుకునేది సింప్సన్ సూత్రం: వెడల్పుని 3తో భాగించి, చివరివి ఒక్కసారి, మధ్యలోవి ఒకటి విడిచి ఒకటి నాలుగుసార్లు, రెండుసార్లు. అంటే (10/3) × [4 × (8 + 15 + 9) + 2 × (12 + 13)] = (10/3) × 178, సుమారు 593. అంకణాల్లో 88 దాటింది. మూడున్నర అంకణాల తేడా. కొనేవాడికీ అమ్మేవాడికీ అది చిన్న తేడా కాదు.

ఇప్పుడు పది మీటర్లకి బదులు ఒక్కో మీటరుకి ఆఫ్‌సెట్ తీశామనుకోండి. తర్వాత జానెడుకొకటి. తర్వాత వేలెడుకొకటి. పట్టీలు సన్నబడేకొద్దీ పైఅంచు తిన్నగా ఉన్నా వంకరగా ఉన్నా తేడా ఉండదు. పట్టీ ఎత్తు వై, వెడల్పు డీఎక్స్, వైశాల్యం వై డీఎక్స్. వాటన్నిటినీ కూడటమే ఆ పొడుగాటి గుర్తు. 1675లో లైబ్నిట్జ్ లాటిన్‌లో మొత్తం అనే అర్థమున్న సుమ్మా అనే మాట మొదటి అక్షరాన్ని సాగదీసి ఆ గుర్తు పెట్టాడు. మన పుస్తకంలో 'మొత్తం అవధిగా నిశ్చిత సమాకలని' అని ఉన్న భాగం ఇదే. ఎన్ టెండ్స్ టు ఇన్ఫినిటీ అని చూసి చాలామంది దాన్ని వదిలేస్తారు. వదలొద్దు. అందులో ఆర్ బై ఎన్ కనపడితే ఎక్స్, ఒకటి బై ఎన్ కనపడితే డీఎక్స్. తాడు మీద ఎక్కడ నిలబడ్డామన్నది మొదటిది, పట్టీ ఎంత వెడల్పన్నది రెండోది.

ఒక లెక్క దగ్గరగా చూద్దాం

వై = 4ఎక్స్ − ఎక్స్² పరావలయానికీ, వై = ఎక్స్ సరళరేఖకీ మధ్య వైశాల్యం.

రెండూ ఎక్కడ కలుస్తాయో ముందు చూడండి. 4ఎక్స్ − ఎక్స్² = ఎక్స్ అంటే ఎక్స్ విలువలు 0, 3. అక్కడ ఆగి బొమ్మ గియ్యండి. పరావలయం 0 దగ్గర పుట్టి, 2 దగ్గర నాలుగు ఎత్తుకి లేచి, 4 దగ్గర మళ్ళీ నేలకి దిగుతుంది. గీత మూలబిందువు నుంచి ఏటవాలుగా పోయి (3, 3) దగ్గర దాన్ని తగులుతుంది. ఇప్పుడు మధ్యలో ఒకచోట, ఎక్స్ = 1 దగ్గరనుకోండి, పెన్సిల్‌తో నిలువుగా ఒక సన్న పట్టీ గియ్యండి. పట్టీ తల దేన్ని తగులుతోంది? పరావలయాన్ని. కాలు దేని మీద ఉంది? గీత మీద. పట్టీ ఎత్తు తలలోంచి కాలు తీసేస్తే వచ్చేది: 3ఎక్స్ − ఎక్స్². పట్టీని 0 నుంచి 3 దాకా జరుపుకుంటూ పోండి. తల ఎక్కడన్నా మారిందా? కాలు మారిందా? లేదు. అయితే ఒక్క ఇంటిగ్రల్ చాలు: 27/2 − 9 = 9/2 చదరపు యూనిట్లు.

"పైది మైనస్ కిందది" అని అందరూ బట్టీపడతారు. నేను మాత్రం తల, కాలు అనే చెప్తాను. ఎందుకంటే ఏది పైదో సమీకరణం చూస్తే తెలియదు, పట్టీ గీస్తేనే తెలుస్తుంది. సైన్ ఎక్స్, కాస్ ఎక్స్ రెండూ ఇచ్చి 0 నుంచి π/2 దాకా మధ్య వైశాల్యం అడిగితే, మొదట్లో తల కాస్, π/4 దాటాక తల సైన్. మారిన చోట ఇంటిగ్రల్‌ని తుంచాలి. తుంచకపోతే సున్నా వస్తుంది, నాకు వచ్చినట్టే. తుంచితే 2√2 − 2. అంటే దాదాపు 0.83.

ఇందాకటి 9/2 సరైనదో కాదో చూసుకోవడానికి ఒక దారి ఉంది. పరావలయాన్ని గీత కోస్తే వచ్చే ముక్క వైశాల్యం, దాని వెడల్పుని నడిమధ్య ఎత్తుతో గుణించి మూడింట రెండు వంతులు తీసుకుంటే సరిగ్గా వస్తుంది. ఇక్కడ వెడల్పు 3. మధ్య అంటే ఎక్స్ = 1.5, అక్కడ పట్టీ ఎత్తు 4.5 − 2.25 = 2.25. మూడు రెండుంపాతికలు 6.75, అందులో మూడింట రెండు వంతులు 4.5. సరిపోయింది. ఇది ఆర్కిమిడీస్ రెండువేల రెండువందల ఏళ్ళ కిందటే నిరూపించిన సంగతి. ఆయన త్రిభుజంతో పోల్చి మూడింట నాలుగు వంతులన్నాడు, లెక్క అదే. ఎంసెట్‌లో ఇది నేరుగా జవాబే ఇస్తుంది. పబ్లిక్ పరీక్షలో మాత్రం మార్జిన్‌లో సరిచూసుకోవడానికే వాడండి. అక్కడ మెట్లకి మార్కులు.

పట్టీని పడుకోబెట్టాల్సిన లెక్కలు

వై² = 4ఎక్స్ పరావలయం, వై = 2ఎక్స్ − 4 గీత. ఏటా నా దగ్గర పిల్లలు పడిపోయే చోటు ఇది, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఉంటాను.

పరావలయం పక్కకి తెరుచుకుని ఉంది. గీత దాన్ని (1, −2) దగ్గర, (4, 4) దగ్గర కోస్తుంది. నిలువు పట్టీ పెట్టి చూడండి. 0 నుంచి 1 దాకా తల పరావలయం పైకొమ్మ, కాలు దాని కిందికొమ్మే. 1 దాటాక కాలు గీత మీదకి వచ్చేసింది. కాలు మారింది కాబట్టి రెండు ముక్కలు. మొదటిది 0 నుంచి 1 దాకా 4√ఎక్స్, అది 8/3. రెండోది 1 నుంచి 4 దాకా 2√ఎక్స్ − 2ఎక్స్ + 4, అది 28/3 − 3, అంటే 19/3. కలిపితే 27/3 = 9.

అదే పట్టీని పడుకోబెట్టండి. కుడి చివర ఎప్పుడూ గీతే, ఎడమ చివర ఎప్పుడూ పరావలయమే. వై −2 నుంచి 4 దాకా ఎక్కడా మారదు. కుడి లోంచి ఎడమ తీసేస్తే (వై + 4)/2 − వై²/4. ఒక్క ఇంటిగ్రల్. 4 దగ్గర 20/3, −2 దగ్గర −7/3, తేడా 9. రెండు దారుల్లోనూ అదే తొమ్మిది.

ఈ లెక్కని రెండు దారుల్లోనూ మీ చేత్తో మీరు చెయ్యండి. చూసి అర్థమైందనుకుని పేజీ తిప్పొద్దు. మైపాడు దారిలోని ఒక ఊరి నుంచి వచ్చే పిల్లాడు, ఇంట్లో రొయ్యల గుంటల పని చూసుకుంటూనే చదివేవాడు, ఇది నిలువు పట్టీతో ఒక్క ఇంటిగ్రల్‌గా మూడుసార్లు చేసి మూడుసార్లూ తప్పు తెచ్చుకున్నాడు. నాలుగోసారి వాడే అన్నాడు, "అక్కా, దీన్ని తూర్పు గట్టు నుంచి కొలవాల". అంతే, వాడికి ఇంక నేను ఏరియా చెప్పాల్సిన పని లేకపోయింది.

గీతలు గియ్యడం రానివాళ్ళు ముందు గ్రాఫు పుస్తకం కొనుక్కోండి. సరళరేఖ, పైకి తెరుచుకున్న పరావలయం, కిందికి, పక్కకి, వృత్తం, దీర్ఘవృత్తం, సైన్, కాస్, ఇ పవర్ ఎక్స్, లాగ్ ఎక్స్, మాడ్ ఎక్స్. ఒక్కోటి అర నిమిషంలో గియ్యగలగాలి. రోజుకి నాలుగు గీస్తే వారంలో చెయ్యి తిరుగుతుంది. అందం అక్కర్లేదు, అక్షాల్ని ఎక్కడ కోస్తాయో ఆ అంకెలు మాత్రం తప్పకూడదు.

డెఫినిట్ ధర్మాలు

ఏరియా వచ్చాక డెఫినిట్ ధర్మాలు వాటంతట అవే అర్థమవుతాయి. 0 నుంచి ఎ దాకా ఎక్స్ బదులు ఎ − ఎక్స్ పెట్టినా విలువ మారదంటారు. ఎందుకు మారుతుంది? పొలాన్ని పడమటి నుంచి తూర్పుకి కొలిచినా, తూర్పు నుంచి పడమటికి కొలిచినా అదే పొలం. నాన్నవాళ్ళు అనుమానమొస్తే రెండో చివర నుంచి మళ్ళీ కొలిచేవాళ్ళు.

దీన్ని వాడే విధం చూడండి. సైన్ ఎక్స్ బై (సైన్ ఎక్స్ + కాస్ ఎక్స్), 0 నుంచి π/2 దాకా. ఈ చివర నుంచి ఒకసారి, ఆ చివర నుంచి ఒకసారి కొలిచి, రెండు కొలతలూ కలిపితే ప్రతిచోటా ఎత్తు 1. అంటే π/2 వెడల్పు, 1 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం. అది రెండు పొలాలది కాబట్టి ఒకదానికి π/4. ఒకటి ప్లస్ టాన్ ఎక్స్‌కి లాగ్, 0 నుంచి π/4 దాకా ఇచ్చినా ఇదే దారి, జవాబు (π/8) లాగ్ 2. ఇది పబ్లిక్ పరీక్షలకి పాత చుట్టం. నిద్రలో లేపి అడిగినా రావాలి.

సైన్ పవర్ ఎన్, కాస్ పవర్ ఎన్, 0 నుంచి π/2 దాకా: పవర్ బేసి అయితే చివర 1 దగ్గర ఆగుతుంది, సరి అయితే π/2 చేరుతుంది. సైన్ పవర్ 5కి 4/5 × 2/3 = 8/15. పవర్ 6కి 5/6 × 3/4 × 1/2 × π/2 = 5π/32. రెండు మార్కులు రెండు నిమిషాల్లో.

ఇంకొక్కటి. సబ్‌స్టిట్యూషన్ చేసినప్పుడు అవధులు కూడా మార్చండి. ఎక్స్ బై (1 + ఎక్స్²), 0 నుంచి 1 దాకా ఉంటే, 1 + ఎక్స్² ని టీ అనుకున్న క్షణంలోనే పక్కన "ఎక్స్ 0 అయితే టీ 1, ఎక్స్ 1 అయితే టీ 2" అని రాయండి. జవాబు సగం లాగ్ 2. అవధులు మార్చకుండా 0, 1 వేస్తే లాగ్ 0 వస్తుంది, అక్కడ ఇరుక్కుపోతారు. పేపర్లు దిద్దేటప్పుడు ఈ తప్పు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, అంత కష్టపడి చివర్లో పోగొట్టుకున్నారే అని.

అప్పుడు మామూలు ఇంటిగ్రేషన్

దీనికి నేను చేయించేది ఒక నోటుపుస్తకం. ఎడమ పేజీలో ప్రశ్న రూపం, కుడి పేజీలో దానికి వేసే మొదటి అడుగు మాత్రమే. మొత్తం జవాబు రాయొద్దు. కింద ఉన్నదాని అవకలనం పైన కనపడితే లాగ్. ఇ పవర్ ఎక్స్ పక్కన బ్రాకెట్లో ఒక ఫంక్షనూ దాని డెరివేటివూ కలిసి ఉంటే, ఇ పవర్ ఎక్స్ ఇంటు ఆ ఫంక్షన్. కింద 5 + 4 కాస్ ఎక్స్ లాంటిది ఉంటే టాన్ ఎక్స్ బై 2 ని టీ అనుకోవడం. వర్గమూలంలో ఎక్స్² ఉన్న క్వాడ్రాటిక్ ఉంటే వర్గాన్ని పూర్తి చెయ్యడం. పైన పీఎక్స్ + క్యూ కూడా ఉంటే, పైదాన్ని కిందదాని డెరివేటివ్‌కి కొంత, స్థిరాంకానికి కొంత పంచడం. రెండు వేరే జాతుల లబ్ధమైతే బై పార్ట్స్, ఐలేట్ (ఇన్వర్స్, లాగ్, ఆల్జీబ్రాయిక్, ట్రిగ్, ఎక్స్‌పొనెన్షియల్) వరసలో ముందొచ్చింది మొదటి ఫంక్షన్. లాగ్ ఎక్స్ ఒంటరిగా ఉంటే పక్కన 1 ఉందనుకోండి.

ఇట్టాంటివి ముప్ఫై దాకా వస్తాయి. బస్సులో కుడి పేజీ చేత్తో మూసి ఎడమ పేజీ చూస్తూ మొదటి అడుగు మనసులో అనుకోండి. పరీక్షలో పిల్లలు నలిగిపోయేది ఆ మొదటి అడుగు దగ్గరే. అది పడితే మిగతాది చెయ్యే లాక్కుపోతుంది.

సూత్రాలు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయని అందరూ అంటారు. ముఖ్యంగా 1 బై (ఎ² − ఎక్స్²), 1 బై (ఎక్స్² − ఎ²), 1 బై √(ఎ² − ఎక్స్²), చివరికి √(ఎ² − ఎక్స్²). వీటికి నాకు తెలిసిన మందు ఒక్కటే: నాలుగూ ఒకసారి మీరే రాబట్టండి, తర్వాత ఎప్పుడు అనుమానమొచ్చినా జవాబుని డిఫరెన్షియేట్ చేసి వెనక్కి వస్తుందో లేదో చూడండి. చివరిది సందేహమైతే 0 నుంచి ఎ దాకా వేసి చూడండి. పాతిక వృత్తం రావాలి, π ఎ² బై 4. రాకపోతే సూత్రం తప్పు రాశారు.

మొదటి సంవత్సరం డిఫరెన్షియేషన్, త్రికోణమితి మర్చిపోయినవాళ్ళు సిగ్గుపడకుండా వెనక్కి వెళ్ళండి. సైన్ స్క్వేర్‌ని కాస్ 2ఎక్స్‌లోకి మార్చడం రాకుండా ఏ ఇంటిగ్రలూ కదలదు. అయిదు రోజులు దానికే ఇచ్చినా నష్టం లేదు.

టైం ఎంతుంటే ఎంత

రెండు నెలలుంటే మొదటి వారం బొమ్మలు, రెండో వారం ఏరియాలు, మూడు, నాలుగు డెఫినిట్, మిగతా నెలంతా ఇంటిగ్రేషన్ రూపాలు. రోజుకి గంట చాలు, కానీ పెన్ను చేతిలో ఉండాలి. మూడు వారాలే ఉంటే రిడక్షన్ ఫార్ములాల్లో ఒకటి రెండు మాత్రం పట్టుకుని, ఏరియా, ధర్మాలు, టాన్ ఎక్స్ బై 2, బై పార్ట్స్ మీద నిలబడండి. వారమే ఉంటే కొత్తది ముట్టుకోవద్దు. పాత పేపర్లు అయిదు తీసుకుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, ఇంటిగ్రేషన్ ప్రశ్నలు మాత్రం రాయండి.

సప్లిమెంటరీకి కూర్చునేవాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నాను. మే నెల ఎండల్లో, తోటివాళ్ళంతా కౌన్సెలింగుల గురించి మాట్లాడుకుంటుంటే పుస్తకం ముందు కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, మా మిద్దె మీద ఏటా చూస్తున్నాను. మీరు పొద్దున్నే అయిదింటికి లేచి ఎండ ఎక్కేలోపు రెండు ఏరియాలు, ఒక డెఫినిట్, రెండు ఇంటిగ్రల్స్ చెయ్యండి. పది రోజులకి యాభై లెక్కలు. పాసు మార్కులకి అది చాలా పెద్ద ఆసరా.

హాల్లో బొమ్మ పెన్సిల్‌తో పెద్దగా, అరచేతి అంత గియ్యండి. కలిసే బిందువులు అంకెలతో రాయండి. అడిగిన భాగం లోపల ఏటవాలు గీతలు కొట్టండి, ఒక పట్టీ ముదురుగా కనపడాలి. "కావాల్సిన వైశాల్యం =" అని తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి, ఇంటిగ్రల్ రాసి, అవధులు రెండుసార్లు చూసుకోండి. అనిశ్చితమైతే చివర ప్లస్ సి, వైశాల్యమైతే చదరపు యూనిట్లు. జవాబు మైనస్ వస్తే తల, కాలు తారుమారయినట్టు. మైనస్‌ని చెరిపెయ్యకుండా పట్టీ దగ్గరికి తిరిగి వెళ్ళండి. సున్నా వస్తే పెన్ను కింద పెట్టి, బొమ్మలో అడ్డగీతకి రెండు పక్కలా భూమి ఉందేమో చూడండి.